అల్లరి అని వదలరాదు, రుగ్మత అని తొందరపడరాదు: ఏడీహెచ్‌డీ అనుమానమున్న చిన్నారులకు పరీక్ష, తోడ్పాటు

(ప్రత్యేక వ్యాసం)

ఏటా జూన్ మాసంలో బడులు తెరుచుకుంటాయి. ఆగస్టు వచ్చేసరికి ఒకరిద్దరు చిన్నారుల డైరీలు ఫిర్యాదులతో నిండుతాయి. కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు, మొదలుపెట్టిన పని ముగించడు, పక్కపిల్లలను చదువుకోనివ్వడు అన్నవి ఆ ఫిర్యాదుల సారాంశం. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా స్పందిస్తారు. తండ్రి కోప్పడతాడు, కొన్నిసార్లు చేయి చేసుకుంటాడు. నాయనమ్మ ‘మగపిల్లవాడన్నాక అల్లరి చేయడా, పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అంటుంది. తల్లి ఎవరో చెప్పిన చోటికి వెళ్ళి తాయెత్తు కట్టించుకొస్తుంది. మరుసటి ఏడు ఆ పిల్లవాడు మరో బడిలో కనిపిస్తాడు. టీసీ చేతిలో పెట్టి పంపిన పాఠశాలకు సమస్య తీరిపోయింది. పిల్లవాడికి మాత్రం తీరలేదు.

ఈ పిల్లల్లో చాలామంది వయసుకు సహజమైన అల్లరి చేసేవారే. కొందరికి మాత్రం అవధాన లోపం, అతిచలనం అనే నాడీవికాస సంబంధమైన స్థితి ఉండవచ్చును. వైద్యులు దీనిని ఏడీహెచ్‌డీ అని వ్యవహరిస్తారు. ఎవరు ఏ కోవకు చెందుతారో ఇంట్లో తేల్చలేము, తరగతి గదిలోనూ తేల్చలేము. గుర్తించి వైద్యుని వద్దకు పంపే ఏర్పాటు మన దేశంలో 2013 నుంచి ఉన్నది. అది పిల్లవాడి వరకు చేరడంలోనూ, పరీక్ష అనంతరం తోడ్పాటు అందడంలోనూ ఉన్న వెలితిని, దానిని పూడ్చేందుకు చట్టంలో ఇప్పటికే ఉన్న మార్గాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏమిటీ స్థితి?

ఇది ఇటీవల పుట్టుకొచ్చిన మాట కాదు. 1902లోనే లండన్‌లో బాలవైద్యుడు జార్జ్ స్టిల్ తన ఉపన్యాసాలలో ఇటువంటి పిల్లల లక్షణాలను వివరించాడు. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులోనూ ఏడీహెచ్‌డీ ఇదే పేరుతో చోటు చేసుకున్నది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ప్రమాణాలను మన వైద్యులు కూడా విరివిగా అనుసరిస్తున్నారు. వాటి ప్రకారం అవధాన లోపానికి తొమ్మిది, అతిచలనం-తొందరపాటుకు తొమ్మిది లక్షణాలు ఉన్నవి. పిల్లల్లో ఈ రెండింటిలో ఏదో ఒక వర్గం నుంచి కనీసం ఆరు లక్షణాలు, కనీసం ఆరు నెలలపాటు, వయసుకు మించిన స్థాయిలో కనిపించాలి. అవి పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు లేదా అంతకు మించిన చోట్ల కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వాటివల్ల పిల్లవాడి చదువుకో స్నేహాలకో దైనందిన జీవితానికో ఇబ్బంది కలుగుతూ ఉండాలి. బడిలో మాత్రమే కదులుతూ ఇంట్లో గంటసేపు బొమ్మలు గీసుకునే పిల్లవాడి విషయంలో, ముందుగా ఆ తరగతి గదిని పరిశీలించవలసి ఉంటుంది.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి తరగతిలోని ప్రతి చప్పుడూ అప్రస్తుత ప్రసంగమే. అవధానికి ఏళ్ళ సాధన తోడు ఉన్నది. ఈ పసివాడికి ‘శ్రద్ధ పెట్టు’ అన్న మందలింపు తప్ప మరొక సాయం అందడం లేదు.

ఇది పెంపకంలోని లోపం వల్ల వచ్చేది కాదు. వంశపారంపర్య ప్రభావం ఇందులో బలంగా ఉన్నదని పరిశోధనలు నిర్ధారించాయి. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం కూడా ముప్పును పెంచుతాయి. ‘తల్లి గారాబం చేసింది’ అన్న నింద అన్యాయమే కాదు, ఆ తల్లిని వైద్యుని గుమ్మం తొక్కకుండా ఆపే అడ్డంకి కూడా.

వయసు చిన్నదైనప్పుడు జాగ్రత్త పెద్దది

మూడు, నాలుగు ఏళ్ళ పిల్లలు సహజంగానే నిలకడ లేనివారు. కనుక ఈ వయసులో నిర్ధారణకు తొందరపడరాదు. తరగతిలో అందరికంటే చిన్న వయసున్న పిల్లలకు ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతున్నదని పలు దేశాల అధ్యయనాలు చూపాయి. అయిదేళ్ళు నిండకముందే ఒకటో తరగతిలో కూర్చోబెట్టే అలవాటు మన ప్రాంతంలోనూ లేకపోలేదు. ఒకటో తరగతి ప్రవేశానికి ఆరేళ్ళ వయసు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించడాన్ని ఈ కోణంలోనూ చూడవలసి ఉన్నది. పదకొండు నెలలు చిన్నవాడైన పిల్లవాడిని పెద్దవారితో పోల్చి రోగిని చేయడం తగదు.

మరికొన్ని కారణాలను కూడా ముందుగా తోసిపుచ్చవలసి ఉంటుంది. చెవి సరిగా వినపడని పిల్లవాడు ‘మాట వినని’ పిల్లవాడిగా కనిపిస్తాడు. నల్లబల్ల కనపడని పాప రాయకుండా కూర్చుంటుంది. కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఒక రకం మూర్ఛను పరధ్యానంగా పొరబడే అవకాశం ఉన్నది. నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్ లోపం, ఇంట్లో కలహం, హింస కూడా ఇవే లక్షణాలను పైకి తేగలవు. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇటువంటి దేశంలో రక్తపరీక్ష చేయకుండా ‘ఏకాగ్రత లేదు’ అని తీర్పు చెప్పడం సమంజసం కాదు.

ఇందుకు భిన్నమైన ప్రమాదం ఆడపిల్లల విషయంలో ఉన్నది. వారిలో అతిచలనం కంటే పరధ్యానం ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయి గురించి డైరీలో ఫిర్యాదు రాదు. ఫిర్యాదు రానందువల్లనే ఆమెకు పరీక్ష కూడా జరగదు.

మొదటి అడుగు ఎక్కడ?

2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లల్లో 30 రకాల ఆరోగ్య సమస్యలను గుర్తించేందుకు ఉద్దేశించినది. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు స్పష్టంగా ఉన్నది. మార్గదర్శకాల ప్రకారం సంచార ఆరోగ్య బృందం అంగన్‌వాడీ కేంద్రాలను ఏడాదికి రెండు పర్యాయాలు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలను ఒక పర్యాయం సందర్శించాలి. సమస్య ఉన్నట్లు అనుమానం కలిగిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ‘డైక్’ అని వ్యవహరించే ఈ కేంద్రంలో పిల్లల వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, వినికిడి-మాట శిక్షకుడు, కంటి పరీక్షకుడు, ప్రత్యేక విద్యావేత్త ఒకే కప్పు కింద ఉండాలన్నది పథకం ఉద్దేశం. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క పట్టణం తిరగలేని కుటుంబానికి ఇది ఎంతో ముఖ్యం.

కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 2023 నవంబరులో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. పిల్లల ఎదుగుదలలో తేడాలను అంగన్‌వాడీ కార్యకర్త తొలి దశలోనే గమనించి ఆరోగ్య సిబ్బందికి తెలియజేయడం ఇందులో కీలకాంశం. పాఠశాల స్థాయిలో ప్రాథమిక గుర్తింపునకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ‘ప్రశస్త్’ పేరుతో ఒక పరిశీలనా పట్టికను, మొబైల్ యాప్‌ను అందుబాటులోకి తెచ్చింది.

ఇక్కడే మొదటి వెలితి కనిపిస్తున్నది. సంచార బృందాల సందర్శన అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకే పరిమితం. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో చిన్న పట్టణాల్లోనూ మండల కేంద్రాల్లోనూ పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలు సైతం నర్సరీ నుంచే ప్రైవేటు బడులను ఆశ్రయిస్తున్నవి. ఆటో డ్రైవరు కొడుకు ఫీజు కట్టి చదువుతున్న కారణంగా బృందం దృష్టికి రాడు. అటువంటి తల్లిదండ్రులు బృందం కోసం నిరీక్షించనవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి లేదా ప్రభుత్వాసుపత్రి పిల్లల వైద్యుని ద్వారా సిఫారసు చీటీ పొంది డైక్ కేంద్రానికి వెళ్ళవచ్చును.

ఎటు వెళ్ళాలో తెలియని కుటుంబాలు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవల నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చును. పై స్థాయి పరీక్షలకు హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నవి. మానసిక ఎదుగుదలలోనూ తేడా ఉన్నట్లు అనుమానం ఉంటే, 1984లో నెలకొల్పిన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థను సంప్రదించవచ్చును.

పరీక్షలో ఏమి జరుగుతుంది?

ఏడీహెచ్‌డీని నిర్ధారించే రక్తపరీక్ష గానీ, తల స్కానింగ్ గానీ లేదు. ‘స్కాన్ తీస్తే తెలిసిపోతుంది’ అని ఎవరైనా చెబితే ఆ ఖర్చుకు ముందు రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకోవడం మంచిది. నిర్ధారణకు ఆధారం సమాచారమే: పుట్టుక వివరాలు, ఎదుగుదల క్రమం, ఫిట్స్ లేదా తలకు దెబ్బ వంటి చరిత్ర, కుటుంబంలో ఇటువంటివారు ఉన్నారా అన్నది, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు విడివిడిగా నింపిన ప్రశ్నావళులు. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల కోసం మన దేశ పరిస్థితులకు అనుగుణంగా రూపొందించిన ఇన్‌క్లెన్ పరీక్షా పట్టిక కూడా అందుబాటులో ఉన్నది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లోనే దీనిపై వైద్యులకు ఏకాభిప్రాయ సూచనలను ప్రచురించింది.

వైద్యుని గదిలో పది నిమిషాలపాటు బుద్ధిగా కూర్చున్న పిల్లవాడిని చూసి ‘ఏమీ లేదు’ అనుకోరాదు. కొత్త చోటులో చాలామంది పిల్లలు అలాగే ఉంటారు. కనుక తల్లిదండ్రులు వెళ్ళే ముందు రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో పిల్లవాడు ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేశాడో, ఎంతసేపు నిద్రపోయాడో, ఫోన్ ఎంతసేపు చూశాడో రాసుకోవడం ఉపయుక్తం. తరగతి ఉపాధ్యాయుని నుంచి ఒక పేజీ నివేదిక తీసుకెళ్ళాలి. ‘అల్లరి చేస్తాడు’ అన్న వాక్యం వైద్యునికి ఉపకరించదు. ‘పది నిమిషాల లెక్కల పనిలో నాలుగుసార్లు లేచాడు, మూడు లెక్కలు చేసి మిగిలినవి వదిలేశాడు, చేసిన మూడూ సరైనవే’ అన్న వివరం ఎంతో ఉపకరిస్తుంది.

రెండు జాబితాల మధ్య

పరీక్ష పూర్తయి, ఏడీహెచ్‌డీ ఉన్నదని వైద్యులు చెప్పారని అనుకుందాం. అక్కడి నుంచి రెండవ వెలితి మొదలవుతుంది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 1995 నాటి చట్టంలోని ఏడు వైకల్యాలను 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం ఆ జాబితాలో ఉన్నవి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అంటే, ఆరోగ్య శాఖ గుర్తించవలసిన 30 సమస్యల జాబితాలో ఉన్న స్థితి, ధ్రువపత్రం ఇవ్వవలసిన 21 వైకల్యాల జాబితాలో లేదు. దీనితోపాటు అభ్యసన వైకల్యమో ఆటిజమో ఉంటే దాని పేరిట పత్రం లభించవచ్చును. అయితే అభ్యసన వైకల్యాన్ని తేల్చాలంటే పిల్లవాడు కొంతకాలం చదివి ఉండాలి. 2018 జనవరిలో ప్రకటించిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళు నిండినవారికే ధ్రువీకరణ అని పేర్కొన్నవి. ఒకటో తరగతిలోని ఆరేళ్ళ బాలుడు అప్పటివరకు ఏమి చేయాలి?

‘సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం’ అన్న సమాధానం ఈ సందర్భంలో తలుపు మూయడంతో సమానం. చట్టాన్ని పూర్తిగా చదివితే ఈ సమాధానానికి ఆధారం బలహీనమని తెలుస్తున్నది. చట్టం మూడు మాటలను వేర్వేరుగా నిర్వచించింది. దీర్ఘకాలిక శారీరక, మానసిక, మేధో లేదా ఇంద్రియ లోపం కారణంగా, ఎదురయ్యే అడ్డంకుల వల్ల సమాజంలో ఇతరులతో సమానంగా పాల్గొనలేకపోతున్న వ్యక్తి దివ్యాంగుడు అన్నది మొదటిది. షెడ్యూల్‌లో పేర్కొన్న వైకల్యం రెండవది. నలభై శాతానికి తగ్గని ప్రామాణిక వైకల్యం మూడవది. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలు మూడవ కోవకు సంబంధించినవి. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వివక్ష చూపకుండా చేర్చుకోవాలని, వ్యక్తిగత అవసరాన్ని బట్టి సముచిత సౌకర్యం కల్పించాలని చెప్పే 16వ సెక్షన్ ప్రామాణిక వైకల్యం అనే షరతు విధించలేదు.

సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇదే తేడాను స్పష్టం చేసింది. రాసేటప్పుడు చేతి వేళ్ళు బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక సివిల్ సర్వీసుల అభ్యర్థికి, ప్రామాణిక వైకల్యం లేదన్న కారణంతో పరీక్షలో లేఖకుని నిరాకరించడం తగదని జస్టిస్ డి.వై. చంద్రచూడ్ సభ్యుడిగా ఉన్న ధర్మాసనం తీర్పునిచ్చింది. సముచిత సౌకర్యం కల్పించడానికి ప్రామాణిక వైకల్యం ముందు షరతు కాదన్నది ఆ తీర్పులోని సారం. అది ఏడీహెచ్‌డీ కేసు కాకపోయినా, పత్రం లేదన్న సాకుతో పసివాడి అవసరాన్ని పక్కన పెట్టరాదన్న సూత్రం అందులో ఉన్నది. ధ్రువపత్రం అవసరమైన ప్రయోజనాలకు అది అవసరమే. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి మాత్రం వైద్యుని చీటీ చాలు.

పాఠశాల చేయగలిగినది

తరగతి గదిలో ఈ పిల్లలకు కావలసిన తోడ్పాటులో అధికభాగానికి డబ్బు ఖర్చు లేదు. కిటికీకి, తలుపుకు దూరంగా, ఉపాధ్యాయునికి దగ్గరగా కూర్చోబెట్టాలి. ఇరవై లెక్కలను అయిదేసి చొప్పున విడదీసి ఇవ్వాలి. ఒకసారి ఒకే సూచన చెప్పాలి, దానిని బోర్డు మీద కూడా రాయాలి. మధ్యలో లేచి తిరిగేందుకు చాక్‌పీసు తేవడం, పుస్తకాలు పంచడం వంటి పని అప్పగించాలి. ఆటల పీరియడ్‌ను శిక్షగా రద్దు చేయరాదు. ఆ పిల్లవాడికే అది అందరికంటే అవసరం. చేసిన మంచి పనిని వెంటనే మెచ్చుకోవాలి. ఈ ఏర్పాట్లను ఒక పేజీలో రాసి తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు సంతకం చేసుకుంటే, మరుసటి ఏడు ఉపాధ్యాయుడు మారినా ప్రయత్నం మొదటికి రాదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు పిల్లలను బడి నుంచి బహిష్కరించరాదని అదే చట్టం చెబుతున్నది. ‘మీవాడిని వేరే బడిలో చేర్చుకోండి’ అని ఒత్తిడి తెచ్చి టీసీ ఇప్పించడం బహిష్కరణకు మరో పేరే. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలోని సహిత విద్యా రిసోర్స్ పర్సన్లు సమగ్ర శిక్షలో భాగంగా పనిచేస్తున్నారు. ఏడీహెచ్‌డీ అనుమానమున్న పిల్లల విషయంలో తరగతి ఉపాధ్యాయునికి సలహా ఇవ్వడానికి వీరి సేవలను వినియోగించుకోవాలి.

చికిత్స: భయం వద్దు, తొందర వద్దు

ఆరేళ్ళలోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు ప్రవర్తనా నిర్వహణలో శిక్షణ. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో సవరించిన మార్గదర్శకాలు దీనినే సూచించాయి. ఆరేళ్ళు దాటినవారికి అవసరాన్ని బట్టి మందులు, ప్రవర్తనా శిక్షణ, పాఠశాల తోడ్పాటు కలిపి ఉపయోగిస్తారు. సాధారణంగా వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోని మందు. వైద్యుని పర్యవేక్షణలో సక్రమంగా వాడితే మేలు చేస్తుంది; ఆకలి, నిద్ర, బరువు, ఎత్తు, గుండె వేగం, రక్తపోటు క్రమం తప్పకుండా చూడవలసి ఉంటుంది. ఒకరి పిల్లవాడికి రాసిన మందును మరొకరికి వాడడం ప్రమాదకరం.

అధికారులకు, పాత్రికేయులకు

జిల్లా సమీక్షలలో ఎన్ని పాఠశాలలను సందర్శించారన్న లెక్క సాధారణంగా వస్తుంది. దానితోపాటు మరో మూడు అంకెలు అడగవలసి ఉన్నది. ఏడీహెచ్‌డీ అనుమానంతో ఎందరిని పంపారు? వారిలో ఎందరు డైక్ కేంద్రానికి చేరారు? చేరినవారిలో ఎందరి విషయంలో పాఠశాలకు రాతపూర్వక సలహా తిరిగి వచ్చింది? మొదటి అంకెకూ మూడవ అంకెకూ మధ్య ఉన్న తేడాయే దారిలో తప్పిపోయిన పిల్లల సంఖ్య. ఆరోగ్య, విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు ఈ మూడు అంకెలను ఒకే కాగితం మీద చూసిన నాడు సగం పని సులువవుతుంది. ప్రైవేటు పాఠశాలల నుంచి వచ్చే పిల్లలను కూడా డైక్ రిజిస్టరులో విడిగా నమోదు చేస్తే మొదటి వెలితి ఎంతటిదో తెలుస్తుంది.

పాత్రికేయ మిత్రులు ఈ అంశంపై రాసేటప్పుడు పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు ఇవ్వకపోవడం కనీస మర్యాద. మానసిక ఆరోగ్య సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలను సమ్మతి లేకుండా మీడియాకు విడుదల చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ‘వింత ప్రవర్తన’, ‘మానసిక రోగి’ వంటి శీర్షికలు ఒక్క రోజు వార్తకు ఉపయోగపడతాయి. ఆ పిల్లవాడు ఆ మాటను ఎన్నో ఏళ్ళు మోయవలసి వస్తుంది.

ఒకటో తరగతిలో ‘మొద్దు’ అనిపించుకున్న పిల్లవాడు అయిదో తరగతికి వచ్చేసరికి ఆ మాటను తానే నమ్మడం మొదలుపెడతాడు. ఆ నమ్మకాన్ని తొలగించడం ఏడీహెచ్‌డీని గుర్తించడం కంటే కష్టం. ఈ ఆగస్టులో డైరీలో ఫిర్యాదు రాసే ఉపాధ్యాయుడు దాని కింద మరొక్క వాక్యం చేర్చాలి: ‘ఒకసారి పిల్లల వైద్యునికి చూపించండి, నేను గమనించిన వివరాలు రాసి ఇస్తాను.’ పిల్లవాడికి అందవలసిన తోడ్పాటు ఆ వాక్యంతోనే మొదలవుతుంది.